ముప్పై ఐదేళ్ళ ఖాకీ తర్వాత ఐదు చొక్కాలు

రిటైరైన మర్నాడు పొద్దున్నే స్నానం చేసి వచ్చి బీరువా తెరిచాను. నా అరలో నాలుగు జతల ఖాకీ, పెళ్ళిళ్ళకు వేసుకునే మెరుపు చొక్కాలు మూడు, లుంగీలు రెండు, నడుము దగ్గర ఎక్కని ప్యాంట్లు రెండు ఉన్నాయి. ఆదివారం కాకపోయినా చేపలు తెమ్మంది మా ఆవిడ. మెరుపు చొక్కా వేసుకుని హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్తే ఎవరి పెళ్ళని అడుగుతారు. ఖాకీ వేసుకుంటే, నిన్నే శాలువా కప్పించుకుని వచ్చిన మనిషి ఇంకా డ్యూటీలో ఉన్నాడా అనుకుంటారు. చివరికి ఖాకీ ప్యాంటు, బనీను, భుజం మీద తువ్వాలతో వెళ్ళి అరకిలో బొచ్చె తెచ్చాను.

నేను ఆర్టీసీలో డ్రైవర్ని. 1990లో ఎక్కాను, 2025లో దిగాను. ఈ ముప్పై ఐదేళ్ళలో పొద్దున లేచి ఏం వేసుకోవాలా అని ఆలోచించిన రోజు ఒక్కటి లేదు. డ్యూటీ ఉంటే ఖాకీ, లేకపోతే లుంగీ, పండగకి మా ఆవిడ ఏది తెస్తే అది. నాకు ఏ రంగు ఇష్టమో నాకే తెలియదన్న సంగతి అరవయ్యో ఏట బీరువా ముందు నిలబడితే తెలిసింది.

మా అమ్మాయి పదివేలు చేతిలో పెట్టింది. "నాన్నా, ఇవి నీ బట్టలకే. అమ్మకిచ్చి ఎఫ్‌డీ వేయించావంటే ఊరుకోను" అంది. ఆ పదివేలు పట్టుకుని ఆరు వారాలు తిరిగాను. ఎక్కడెక్కడ తిరిగానో, ఏం కొన్నానో, ఎక్కడ దెబ్బ తిన్నానో రాస్తున్నాను. మగవాళ్ళ బట్టల గురించి రాసేదంతా ఇరవై ఐదేళ్ళ కుర్రాళ్ళ కోసమే. పొట్ట ఉన్నవాడు, భుజం వంగినవాడు, చెమట ఎక్కువ పట్టేవాడు ఏం కొనుక్కోవాలో ఎవరూ చెప్పరు.

ముందు దెబ్బ తిన్న సంగతి.

పేరు చెప్పను, ఊళ్ళో ఉన్న పెద్ద పెద్ద ఏసీ షాపుల్లో ఒకటి. జీఎస్టీ తగ్గింది, రేట్లు తగ్గాయి అని బయట ఇంత బోర్డు. లోపలికెళ్ళాను. 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గింది నిజమే, కానీ అది వెయ్యి పైనుంచి రెండున్నర వేల దాకా ఉన్న బట్టలకి. వెయ్యి లోపు వాటికి ముందునుంచీ 5 శాతమే. నేను తీసుకున్న చొక్కా 899. అంటే బోర్డుకీ నా చొక్కాకీ సంబంధం లేదు. ఇది ఇంటికొచ్చాక అమ్మాయి చెప్పింది.

సైజు ఇంకో కథ. ఎల్ వేస్తే పొట్ట దగ్గర గుండీల మధ్య కిటికీలు తెరుచుకుంటున్నాయి. ఎక్సెల్ వేస్తే పొట్టకి సరిపోయింది కానీ భుజం కుట్టు మోచేతి వైపు జారింది, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. "ఇప్పుడు లూజే ఫ్యాషన్ అంకుల్" అన్నాడు కుర్రాడు. నాకు ఫ్యాషన్ తెలియదు కాబట్టి నమ్మాను. చీటీ మీద 'కాటన్ ఫీల్' అని ఉంది, అదీ నమ్మాను.

రెండోసారి వేసుకున్నప్పుడు మధ్యాహ్నం బస్టాపులో పది నిమిషాలు నిలబడ్డాను. వీపంతా అంటుకుపోయింది. ఆ అంటుకోవడం నాకు బాగా తెలుసు. పాత బండ్లలో ఇంజను పక్కనే ఉండేది. మే నెలలో టెర్రీకాట్ ఖాకీ వేసుకుని దాని పక్కన ఎనిమిది గంటలు కూర్చున్నవాడికి పాలిస్టర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి చొక్కా అంచు మడత లోపలి నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్ల గీసి పెట్టాను. నూలు దారమైతే కాగితంలా కాలి, వేలితో రుద్దితే బూడిదై పోవాలి. ఇది ముడుచుకుపోయి చివర నల్లటి పూస కట్టింది. ఆ పూస గోటితో నొక్కినా పగల్లేదు. అప్పుడు చొక్కా తిరగేసి పక్క కుట్టులో ఉన్న చిన్న చీటీని కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పాలిస్టర్ 65, కాటన్ 35. షాపుకి వెళ్తే ఉతికిన బట్ట వెనక్కి తీసుకోలేం అన్నారు. ఉతికింది నేనే కాబట్టి అక్కడ మాట పడిపోయింది. ఆ చీటీ ఏదో కొనకముందే చదివి ఉండాల్సింది.

మా ఆవిడ అంది, "నీ ఒంటికి తయారుగా ఉన్నది ఎప్పుడు సరిపోయింది? బట్ట కొని కుట్టించుకో." ఖాకీ కూడా కుట్టించుకున్నదే కదా, ఈ ఆలోచన నాకెందుకు రాలేదో.

బట్ట అంటే పాతబస్తీలో మదీనా బజారే. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ ఎక్కి దిగితే వచ్చేదే. బస్సులో నాకు టికెట్, ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి మా ఆవిడకి జీరో టికెట్. ముప్పై ఐదేళ్ళు నేను జనాన్ని తిప్పితే ఇప్పుడు తను ఫ్రీ, నేను డబ్బులిచ్చి. ఇది చెప్పి రోజుకోసారి నవ్వుతుంది.

మదీనా మలుపులో నేను కొన్ని వేల సార్లు స్టీరింగు తిప్పాను. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు, ఆ ఆటోల మధ్య చూడగలిగితే కదా. ఈసారి నడుస్తూ చూశాను. పత్తర్‌గట్టిలో రోడ్డుకి రెండు వైపులా రాతి కమానుల వరస. 1908 మూసీ వరద తర్వాత ఊరిని మళ్ళీ కట్టడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, ఆ బోర్డు కట్టించినవే ఇవి. ఆ కమానుల కింద వరసగా బట్టల షాపులు, వాటి వెనక పటేల్ మార్కెట్ సందులు. పదకొండు లోపు వెళ్తే లాభం లేదు, పాతబస్తీ షాపులు నిదానంగా తెరుస్తారు. మధ్యాహ్నం మూడు దాటితే నడవడానికి చోటుండదు. పదకొండున్నరకి వెళ్ళడం మేలు. రంజాన్ నెలలోనైతే రాత్రంతా తెరిచే ఉంటాయి కానీ ఆ తోపులాట నా వయసు వాళ్ళకి కాదు. కారులో మాత్రం వెళ్ళకండి, బండి పెట్టే చోటు వెతికేసరికి బట్ట కొనే ఓపిక పోతుంది.

అక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, లోపలి సందుల్లో చాలామంది టోకు వ్యాపారులు. వాళ్ళు తాను తానుగా అమ్ముతారు, ఒక చొక్కా బట్ట కోయరు. అడిగితే విసుక్కుంటారు. చిల్లరగా కోసిచ్చే షాపులు వేరు, కట్ పీసుల షాపులు వేరు. కట్ పీసులు చవక. అయితే ఆ ముక్క ఎంత ఉందో అక్కడే టేపు పెట్టి కొలిపించుకోవాలి. చొక్కాకి చాలుతుందని నా చేతిలో పెట్టిన ముక్క 1.40 మీటర్లు తేలింది. నాకు 1.60 కావాలి. పన్నా, అంటే బట్ట వెడల్పు, కూడా అడగాలి. 58 అంగుళాల పన్నా అయితే ఫుల్ చేతుల చొక్కాకి 1.60 మీటర్లు చాలు. 36 అంగుళాల పన్నా అయితే రెండుంపావు దాకా పోతుంది. మీటరు రేటు తక్కువని చిన్న పన్నా కొంటే చివరికి లెక్క అంతే అవుతుంది.

మేము కూర్చున్న షాపులో ముసలాయన ఒక్కడే ఉన్నాడు. కింద తెల్లటి పరుపు, చెప్పులు బయట విడిచి ఎక్కాలి. నూలు చొక్కా బట్ట కావాలన్నాను. ఒక్కో తాను తీసి, బల్ల మీద టప టపా కొట్టి, నాలుగు మడతలు విప్పి నా ముందు పరిచాడు. తెలుపు, ఆకాశనీలం, గీతలది, లేత ఆకుపచ్చ, గోధుమరంగు, ఇటుకరంగు. ఆ కుప్పలోంచి నా చెయ్యి ఒకటి తీసింది. మా ఆవిడ ఫట్‌మని నా చేతి మీద కొట్టింది.

"మళ్ళా అదేనా? ముప్పై ఐదేళ్ళు సరిపోలేదా?"

చూస్తే నిజమే, మట్టిరంగు. పక్కన పెట్టి ఇంకోటి తీశాను. దాన్ని బిస్కెట్ రంగు అంటారట. "ఇది ఉతికిన ఖాకీ" అంది. మూడోసారి కూడా నా చెయ్యి అటువైపే వెళ్ళింది. ముసలాయన నవ్వి, "ఖాక్ అంటేనే మట్టి సాబ్. మట్టి అంత తొందరగా వదలదు" అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు, నాకు మాత్రం కాసేపు మాట రాలేదు.

తర్వాత మా ఆవిడే చేసింది. బట్ట నచ్చితే షాపు గుమ్మం దాకా తీసుకెళ్ళి, వెలుతురులో నా గడ్డం కింద పెట్టి చూడటం. ట్యూబులైట్ కింద ముదురు నీలం నలుపులా కనిపిస్తుంది, లేత ఆకుపచ్చ బూడిదరంగులా కనిపిస్తుంది. గుమ్మం దగ్గరికి వెళ్తే అసలు రంగు. ఇటుకరంగు పెడితే మొహం కాలినట్టు ఉందంది. ఆకాశనీలం పెడితే ఏమీ అనలేదు. మా ఆవిడ ఏమీ అనలేదంటే బాగుందని. తెలుపు, ఆకాశనీలం, సన్న గీతలది కలిపి మూడు చొక్కాలకి ఐదు మీటర్లు. మీటరు 260 చొప్పున 1300. ప్యాంట్లకి ముదురు నీలం ఒకటి, బూడిదరంగు ఒకటి, 1.30 చొప్పున. మీటరు 420. 1092 అయితే 1090 తీసుకున్నాడు. రెండు రూపాయల బేరం. ఫిక్స్‌డ్ రేట్ బోర్డు ఉన్న షాపులో అది కూడా గొప్పే.

ఇంత వరకూ బాగుంది. అయితే మొత్తం ఐదు చొక్కాలు కుట్టించుకోవాలనుకున్నాం, మిగతా రెండూ ఎక్కడ తీసుకోవాలో నాకు ముందే తెలుసు. కొన్నేళ్ళు నేను పోచంపల్లి రూటులో చేశాను. బస్సు బోర్డు మీద భూదాన్ పోచంపల్లి అని ఉండేది. వినోబా భావే 1951లో ఆ ఊళ్ళోనే మొదటి భూదానం అందుకున్నారు కాబట్టి ఆ పేరు. చీరల మూటలు నా బస్సు వెనక సీట్లో ఎక్కించుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చే నేతవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళో టీ తాగాను తప్ప ఏ రోజూ ఒక గజం బట్ట కొనలేదు. చొక్కా అంటే ఖాకీ అయినప్పుడు ఇక్కత్ ఎందుకు?

విజయవాడ రోడ్డు మీద వెళ్ళి ఎడమకి తిరగాలి. ఈసారి డ్రైవర్ వెనక రెండో సీటు. అతను గేరు మార్చినప్పుడల్లా నా ఎడమ చెయ్యి కదిలిందని మా ఆవిడ ఇంట్లో చెప్పి నవ్వించింది.

పోచంపల్లిలో షాపులు రోడ్డు పొడుగునా ఉన్నాయి. ఒక ఇంట్లో అమ్మకమూ నేతా రెండూ ఉంటే అక్కడికెళ్ళాం. ఇక్కత్ ఎలా చేస్తారో బస్సులో వినడమే తప్ప చూడలేదు. దారాన్ని నేసే ముందే రంగు వేస్తారు. డిజైన్ ప్రకారం ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ దారపు కట్టలకి గట్టిగా చుట్టి రంగులో ముంచుతారు. చుట్టడానికి వాడేది ఏమిటా అని వంగి చూస్తే ట్యూబు రబ్బరు. సైకిలు ట్యూబుని సన్నటి పట్టీలుగా కోసి చుడుతున్నారు. ముప్పై ఐదేళ్ళు టైర్లు, ట్యూబులతో బతికినవాణ్ణి, అది చూసి నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. ఆ రబ్బరు విప్పితే కింద తెల్లగా ఉంటుంది, పక్కన రంగు. విప్పి, మళ్ళీ ఇంకోచోట కట్టి, ఇంకో రంగు. ఇదంతా అయ్యాకే మగ్గం ఎక్కుతుంది. అందుకే ఇక్కత్ డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు, కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ఆ చెదరడమే దాని గుర్తు.

రంగుకంటే ముందు ఆసు పోయడం ఉంటుంది. మేకుల చుట్టూ అర్ధచంద్రాకారంలో దారాన్ని అటూ ఇటూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకే వేల సార్లు తిప్పాలి, ఆడవాళ్ళ భుజాలు పోయేవి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడే బాధ చూడలేక దానికి యంత్రం చేశారు, అమ్మ పేరే పెట్టి లక్ష్మి ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. ఆ ఇంట్లో ఆ యంత్రమే తిరుగుతోంది. ఇంటావిడ తన భుజం తడుముకుంటూ "ముందైతే రాత్రికి చెయ్యి లేచేది కాదన్నా" అంది. భుజాల సంగతి మళ్ళీ దర్జీ దగ్గర వస్తుంది.

ఇక్కత్ కొనేవాళ్ళకి ఒక్క సంగతి. కోఠి ఫుట్‌పాత్ మీద 120కే మీటరు ఇక్కత్ అని అమ్ముతారు. అది అచ్చు వేసిన బట్ట. తిరగేసి చూడండి. అసలు దాంట్లో దారానికే రంగు ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసినదైతే వెనక వెలిసినట్టు ఉంటుంది. అచ్చు బట్ట కొనకూడదని కాదు, అచ్చు రేటుకి కొనాలి. మగ్గం బట్ట అవునో కాదో తెలుసుకోవడానికి అంచులు ఒక ఆనవాలు. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా పన్నా పొడుగునా ఒక కర్ర బిగిస్తారు, దాని కొసన సూదులుంటాయి. ఆ సూదుల చిల్లులు రెండు అంచుల్లో వరసగా కనిపిస్తాయి.

ముదురు నీలం మీద తెల్ల ఇక్కత్ ఒకటి, డిజైన్ లేని లేత ఆకుపచ్చది ఒకటి తీసుకున్నాం. ఇక్కత్ మీటరు 240. నేను రెండున్నర మీటర్లు చాలన్నాను. "పావు మీటరు ఎక్కువ తీసుకోండన్నా, డిజైన్ కలపాలంటే దర్జీ తిడతాడు" అంది ఇంటావిడ. రెండూ కలిపి 1110.

ఇప్పుడు దర్జీ. ఇంతసేపూ రాసింది దీనికోసమే అనుకోండి. బట్ట ఎక్కడైనా దొరుకుతుంది. ఆ బట్ట మన ఒంటి మీద కూర్చోవాలంటే ఈయనలాంటి మనిషి కావాలి.

మా గల్లీ చివర, పాలకేంద్రం పక్కన, ఆరడుగుల షట్టర్. రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, గోడకి కొక్కేలు. మాస్టర్‌కి డెబ్బైకి దగ్గర ఉంటాయి. నా ఖాకీలు కూడా ఈయన దగ్గరే కుట్టించాను కానీ పాత కొలతల పుస్తకం చూసి కుట్టేసేవాడు, నేనూ నిలబడేవాణ్ణి కాదు. ఈసారి పుస్తకం మూసేశాడు. "అది డ్యూటీ కొలత. ఇది వేరే" అన్నాడు.

నేను అటెన్షన్‌లో నిలబడ్డాను.

"అట్ల కాదు డ్రైవర్ సాబ్. రోజూ ఎట్ల నిలబడతారో అట్ల నిలబడండి."

రోజూ ఎట్లా నిలబడతానో నాకు తెలియదు. కూర్చునే కదా బతికింది. కాసేపు ఊరుకుని, ఏదో అడుగుతూ మాటల్లో పెట్టాడు. నేను బిగువు వదిలాక వెనక్కి వెళ్ళి రెండు భుజాల మీద రెండు అరచేతులు ఆనించాడు. టేపు ఇంకా తీయలేదు. అలాగే ఉంచి, "ఎడమది కిందికుంది. అర ఇంచు" అన్నాడు. అది గేరు చెయ్యి. పాత బండ్లలో గేరు వేయాలంటే భుజమంతా వంచి లాగాలి. ముప్పై ఐదేళ్ళు నా చొక్కాలన్నీ ఎడమవైపు మెడ దగ్గర ముడత పడుతుంటే ఇస్త్రీ అతన్ని తిట్టాను.

తర్వాత స్టూలు లాగి కూర్చోమన్నాడు. కూర్చున్నాక పొట్ట మళ్ళీ కొలిచాడు. నిలబడితే 41, కూర్చుంటే 43. "రెడీమేడ్ వాళ్ళు మనిషి నిలబడే ఉంటాడనుకుంటరు" అని సుద్దముక్కతో బల్ల మీదే రాసుకున్నాడు. వీపు కొంచెం గూని పట్టిందని వెనక భాగం ఒక ఇంచు పొడుగు పెట్టాడు. లేకపోతే వంగినప్పుడు చొక్కా ప్యాంటులోంచి బయటికి వచ్చేస్తుందట. నిజమే, రోజుకి ఇరవైసార్లు లోపలికి దోపుకునేవాణ్ణి.

ఫ్లాప్ ఉన్న రెండు జేబులు పెట్టమన్నాను. "మళ్ళీ యూనిఫామా? పెట్టను" అన్నాడు. ఒకటే జేబు, లోపల పెన్నుకి చిన్న కుట్టు. ఇక్కత్ చొక్కాకి ఆ జేబు ఎక్కడుందో కనిపించదు, డిజైన్ మీద డిజైన్ సరిగ్గా కూర్చుంది. ముందు గుండీల పట్టీ దగ్గర కూడా తెల్ల గళ్ళు రెండు వైపులా కలిశాయి. పావు మీటరు ఎక్కువ దానికే పోయింది. రెడీమేడ్ ఇక్కత్ చొక్కాల్లో ఆ పట్టీ దగ్గర చూడండి, సగం గడి ఇటూ సగం గడి అటూ తెగి ఉంటాయి.

కాలర్ నిలబడటానికి లోపల వేసే బక్రం గురించి కూడా అడిగి చేయించుకోండి. ఇస్త్రీతో అతికించే చవక రకం వేస్తే పది ఉతుకులకి కాలర్ మీద బుడగలు లేస్తాయి. కుట్టి వేసే బక్రం కాలర్ మెత్తగా ఉంటుంది, చూడటానికి అంత బిర్రుగా ఉండదు. నాకు మెడ నొక్కనిదే కావాలి.

ఫిర్యాదులు లేవని కాదు. శుక్రవారం ఇస్తానని ఆ తర్వాతి బుధవారం ఇచ్చాడు. పెళ్ళిళ్ళ సీజనట. ఎన్నిసార్లు వెళ్ళినా "కాజాలు అవుతున్నయి" అనేవాడు. కాజాలకి బయటికి పంపిస్తాడు, అక్కడ ఆగిపోతాయి. ఇంకోటి, గీతల చొక్కా చేతులు పావు ఇంచు పొట్టి చేశాడు. చెప్తే, "ఉతికితే ఇంకా పొట్టి అవుతుందేమో చూసి రండి" అన్నాడు. అదృష్టం, అవ్వలేదు, ఎందుకంటే బట్టలన్నీ ఇచ్చే ముందే బకెట్లో రాత్రంతా నానబెట్టి నీడన ఆరేశాం. నూలు బట్ట మొదటి నీళ్ళకి ముడుచుకుంటుంది. కుట్టించాక ముడుచుకుంటే చేసేదేమీ లేదు. ముందు ఒక్క చొక్కానే ఇచ్చి, అది వేసుకుని, ఉతికి, అప్పుడు మిగతావి ఇవ్వమని కూడా చెప్తాను. నేను ఐదూ ఒకేసారి ఇచ్చాను, ఆ పావు ఇంచు అందుకే తప్పలేదు.

కూలి చొక్కాకి 400, ప్యాంటుకి 500. బట్ట 416, కూలి 400, అంటే తెల్ల చొక్కా 816 పడింది. ఆ పాలిస్టర్ పూస 899. ఈ లెక్క చాలు నాకు.

ఎక్కని ప్యాంట్లు రెండూ కూడా తీసుకెళ్ళాను. వెనక కుట్టు లోపల బట్ట మడిచి ఉంటే వదులు చేయొచ్చు. పాతకాలంలో కుట్టించినవి కాబట్టి చెరో ఇంచున్నర ఉంది. రెడీమేడ్ ప్యాంట్లలో అంత వదలరు. ఒక్కోటి వంద రూపాయలు, రెండు ప్యాంట్లు బతికాయి. 899 చొక్కా భుజాలు కూడా తీయించాను, 150. ఇప్పుడది స్కూటరు తుడిచే రోజు వేసుకుంటాను.

చిన్న వస్తువుల దగ్గర ఎక్కువసేపు పట్టలేదు, ఒక్క వాచీ తప్ప. మా మామగారు పెళ్ళికి పెట్టిన హెచ్‌ఎమ్‌టీ. కీ ఇచ్చేది. ఏళ్ళ తరబడి ఆగిపోయి బీరువాలో ఉంది. అబిడ్స్‌లో మెట్ల కింద చెక్కపెట్టెలాంటి షాపులో ఒకాయన కన్నుకి అద్దం బిగించుకుని వెనక మూత తెరిచాడు. లోపల చూడమని నాకు అద్దం ఇచ్చాడు. పదిహేడు జ్యువెల్స్ అని చెక్కి ఉంది, ఎర్రగా చుక్కలు చుక్కలుగా రాళ్ళు, అన్నీ కదలకుండా. "నూనె ఎండిపోయింది, అంతే" అన్నాడు. ఒక చిన్న చక్రాన్ని చిమటాతో తాకితే అటూ ఇటూ ఊగి ఆగింది. 1961లో బెంగళూరులో సిటిజన్ కంపెనీ సాయంతో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ, మూతబడి ఇన్నేళ్ళయింది, ఇది మాత్రం నూనె అడుగుతోంది. సర్వీసు 350, పట్టీ 250. పట్టీ కొనేటప్పుడు వాచీకి పట్టీ తగిలించే కాళ్ళ మధ్య కొలత చూసుకోవాలి, దీనికి 18 మిల్లీమీటర్లు. 20ది ఇస్తే నొక్కి దూరుస్తారు, నెలకి చిరుగుతుంది. వాచీ రోజుకి రెండు నిమిషాలు వెనక పడుతుంది. డ్యూటీలో అయితే కుదరదు. ఇప్పుడు కుదురుతుంది.

బెల్టు కోఠిలో, 550. తోలు అవునా కాదా అని అంచు చూడాలి. పొరలు పొరలుగా, మధ్యలో అట్టలా కనిపిస్తే వద్దు. నల్ల బూట్ల బదులు తోలు చెప్పులు 750, మొదటి వారం బొటనవేలు కొరికాయి, తర్వాత ఊరుకున్నాయి. తెల్ల చేతిరుమాళ్ళు ఆరు, 120. మొత్తం 9769 అయింది. మిగిలిన 231 మా ఆవిడ తీసుకుంది, ఎఫ్‌డీకి చాలదులే అని.

మూడు నెలలైంది. నూలు బట్టతో కష్టాలు చెప్పకపోతే తప్పవుతుంది. ఇస్త్రీ లేకుండా వేసుకుంటే బస్సు కింద పడి లేచినట్టు ఉంటుంది. ఇస్త్రీకి చొక్కాకి పది రూపాయలు, వారానికి ఐదు. టెర్రీకాట్ ఖాకీ దులిపి వేసుకుంటే చాలు, ఈ విషయంలో మాత్రం పాతదే మేలు. ఇక్కత్ చొక్కా మొదటి రెండు ఉతుకులు నీలం దిగింది, విడిగా ఉతకాలి. మా ఆవిడ తెల్ల లంగా ఒకటి బలైంది, ఆ మాట ఇంట్లో ఇంకా చల్లారలేదు. లేత ఆకుపచ్చది మాత్రం ఉతికే కొద్దీ మెత్తబడుతోంది. మధ్యాహ్నం బయటికి వెళ్ళాలంటే అదే తీస్తాను. ముదురు నీలం ప్యాంటు మీద నాలుగు చొక్కాలు పోతాయి, బూడిదరంగు మీద ఐదూ పోతాయి. అలా చూసుకునే తీసుకుంది మా ఆవిడ, నాకు ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు.

మొన్న ఇక్కత్ చొక్కా వేసుకుని కోఠి బస్సెక్కాను. కండక్టరు మా డిపో కుర్రాడే, రెండేళ్ళు నా బండి మీద చేశాడు. మిషను చేతిలో పట్టుకుని, నా వైపు చూసి, "పెద్దాయనా, ఎక్కడికి?" అన్నాడు. కోఠి అన్నాను. టికెట్ కొట్టి, చిల్లర ఇచ్చి, రెండు సీట్లు ముందుకి వెళ్ళాక గిర్రున వెనక్కి తిరిగి, "అన్నా! నువ్వా!" అన్నాడు. బస్సంతా మమ్మల్నే చూసింది. చొక్కా ఎక్కడ కొన్నావని అడిగాడు. కుట్టించానన్నాను. మాస్టర్ షట్టర్ ఎక్కడో చెప్పాను, కాజాల దగ్గర ఆలస్యమవుతుందని కూడా చెప్పాను.